ఆయన తీయనివ్వని టిష్యూ

సింగపూర్‌లో, యూ టీ పేటలో ఒకప్పటి మా ఎదురు ఫ్లాటు అంకుల్ పోయారు. మంగళవారం పొద్దున కారిడార్‌లో తన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే పోయారు. ఆంటీ ఫోన్ చేసేసరికి నేను ఆంగ్ మో కియోలో ఆఫీసులో ఉన్నాను.

"బాబూ, మీ అంకుల్ లేవటం లేదు," అంది.

"డాక్టర్ని పిలిచిన్రా? అంబులెన్సుకు చేసిన్రా?" అని అరిచాను. చుట్టూ ఉన్న పది బల్లల వాళ్లూ తలెత్తి చూశారు.

"అందరూ వచ్చి ఎల్లిపోనారు బాబూ. ఇంక తొందర లేదు. నెమ్మదిగా రా," అంది.

ఆ ఇంట్లో ఆ మాట నాకు కొత్త కాదు. అయినా పరుగెత్తాను. రైల్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. నేను నిలబడితే రైలు తొందరగా పోతుందన్నట్టు తలుపు దగ్గరే నిలబడ్డాను. క్రాంజీ దాటాక ఎడం పక్కన కూరగాయల తోటలు కనిపించాయి. వాటిలో ఒక దాంట్లో ఆయన ఇరవై ఏళ్లు పనిచేశారు.

బ్లాకు కింద ఖాళీ జాగాలో తెల్ల గుడ్డలు కట్టి, కుర్చీలు వేసి ఉన్నాయి. చెమటలు కారుతూ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడిగారు. జేబు చదునుగా ఉంది. ఆ జేబు ఖాళీగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. అందులో ఎప్పుడూ ఒక టిష్యూ ప్యాకెట్ ఉండేది. ఆ ప్యాకెట్ గురించి చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి. ఆయన గురించి నిజం చెప్పాలంటే నేను చేసిన పని ఒకటి చెప్పాలి.

ఈ నాలుగు పేజీల జిరాక్స్ పత్రికను మీ తలుపుల కింద తోసేది నేనేనని మీకందరికీ తెలుసు. ఇప్పటిదాకా ప్రతి సంచికలోనూ ఎవరినో ఒకరిని నిలదీశాను. డార్మిటరీల్లో కూలీలను కుక్కిన కాంట్రాక్టర్లను, మనవాళ్ల పాస్‌పోర్టులు దాచుకున్న ఏజెంట్లను, మిమ్మల్నీ. ఈ సంచికలో నిలదీయవలసింది వేరే మనిషిని.

మీలో చాలామందికి అంకుల్ తెలియదు. మన ఉగాది సభల్లో ఆయన కనిపించలేదు. మనం కంప్యూటర్ల పని మీద విమానం దిగినవాళ్లం. ఆర్నెల్లకో ఉద్యోగం మారుతూ, ఏ కంపెనీలో ఎంతిస్తున్నారో ఒకరినొకరం అడుగుతూ తిరిగేవాళ్లం. ఆయన తాత రబ్బరు తోటల పనికి ఓడలో జలసంధి అవతల మలేషియాలోని జొహోర్ వచ్చాడు. ఆయన అక్కడి తోటలోనే పుట్టారు, తమిళ బడిలో చదివారు, పెళ్లయ్యాక ఇటు వచ్చారు. తెలుగు చదవడం రాదు. మాట్లాడేది మాత్రం వాళ్ల తాత విజయనగరం దగ్గర వదిలి వచ్చిన తెలుగే. మధ్యలో మలయ్ మాటలు దొర్లేవి.

మాకు పరిచయం అయింది కూడా నా కరపత్రం వల్లే. దేశం వదిలి వచ్చిన కొత్త. జంతువులను చంపడం గురించి ఎక్కడో ఉచితంగా ఇచ్చిన చిన్న పుస్తకాలు రెండు చదివి, ఒళ్లు మండి, రెండు పేజీలు రాసి, మా అంతస్తులో ఉన్న తెలుగు, తమిళ ఇళ్లన్నిటికీ తలుపుల కింద తోశాను. సాయంత్రం ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టుకుని మా తలుపు కొట్టారు. తిట్టడానికి వచ్చారనుకుని నేనూ సిద్ధమయ్యాను.

"బాబూ, ఈ కాయితం నీదేనా? నాకు తెలుగు సదవడం రాదు. కాస్త సదివి పెట్టు."

చదివాను. వేటగాళ్లను హంతకులన్న చోట గొంతు పెంచి మరీ చదివాను. గుమ్మంలోనే నిలబడి చివరిదాకా విన్నారు.

"బాగున్నాది. కోపంగా ఉన్నాది," అన్నారు. "ఇది రాసినోడు దెబ్బ తిన్న జంతువు యెనక ఎప్పుడైనా నడిచాడేటి?"

"రాసింది నేనే అంకుల్."

"అయితే నడవలేదన్నమాట."

"నడవాల్నా ఏంది? తప్పును తప్పని చెప్పనీకి కాళ్లతోని పనేముంది?"

ఆయన నవ్వారు. "కాళ్లతో పనుంటాది బాబూ. టీ తాగుతావా?"

ఆయన వేటగాడని ఆ టీ దగ్గరే తెలిసింది. కాదు, ఆ మాట తప్పు. తుపాకీ ఆయన ఎప్పుడూ పట్టలేదు. వాళ్ల నాన్న తోట దొరల దగ్గర జాడ తీసే పని చేసేవాడు. దొరలు తుపాకీతో కొట్టేవాళ్లు. దెబ్బ తగిలిన జంతువు అడవిలోకి పోతే దొరలు బంగళాకి పోయేవాళ్లు, వాళ్ల నాన్న అడవిలోకి పోయేవాడు. దాన్ని వెతికి, బాధ ముగించి వచ్చేవాడు. ఆ పని తండ్రి నుంచి అంకుల్‌కి వచ్చింది. లైసెన్సు తీసుకుని కొట్టినవాళ్లు జంతువును పోగొట్టుకుంటే జొహోర్ నుంచి ఫోన్ వచ్చేది. ఈయన సంచీ సర్దుకుని బస్సెక్కేవారు. దొరికేదాకా ఏమీ తినకూడదని వాళ్ల నాన్న పెట్టిన నియమం. టీ తాగవచ్చు. టీ విషయంలో వాళ్ల నాన్న కూడా మెత్తబడ్డాడని చెప్పి నవ్వేవారు.

నేల చూస్తూ నడవడం ఆయన అలవాటు. వాన రోజుల్లో లిఫ్టు దగ్గర తడి అడుగులు చూసి, "పదో అంతస్తు చైనా మామ్మ వచ్చీసినాది, మోకాలు నొప్పి ఎక్కువైనట్టున్నాది," అనేవారు. నా పని ఏమిటని అడిగితే, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారనీ, రెండువేల సంవత్సరం రాకముందే అవి ఎక్కడెక్కడున్నాయో వెతికి సరిచేయాలనీ చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"అంటే నువ్వూ జాడ తీసీ పనే! దొరికేదాకా తింటావా, తినవా?"

"పిజ్జా తెప్పిస్తరు అంకుల్."

"మీ దొరలు మంచోళ్లు."

నేను రోజూ సాయంత్రం ఆ కారిడార్‌లో కూర్చునేవాణ్ని. నేను వాదించేవాణ్ని, ఆయన వినేవారు. కొట్టడమే తప్పయినప్పుడు వెతకడం ఆ తప్పుకి సహాయం కదా అని అడిగేవాణ్ని. మీరు వెతకడం మానేస్తే వాళ్లు కొట్టడం మానేస్తారు కదా అనేవాణ్ని. ఒకసారి ఆయన గ్లాసు కింద పెట్టి, "వాళ్లు మానే లోపల అక్కడ పడున్నదానికి ఏటి సెప్పమంటావు?" అన్నారు. నేను ఇంకా గట్టిగా వాదించాను.

ఒక శనివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. జొహోర్‌లో పామాయిల్ తోట కావలి చూసే ఆయన తమ్ముడి కొడుకు చేశాడు. కలప వ్యాపారి ఒకాయన లోయకు అవతలి గట్టు మీదున్న రూసాను కొట్టాడట. రూసా అంటే మన కణితి, గుర్రమంత పొడుగుండే పెద్ద జింక. దెబ్బ తగిలింది, పడలేదు. నేనూ వస్తానన్నాను. ఆఫీసు పని కోసం వేయించుకున్న మలేషియా వీసా ఇంకా ఉంది. ఎందుకు వస్తున్నానో కూడా దాచలేదు. ఆ వ్యాపారి గురించి రాయాలి.

క్రాంజీలో బస్సెక్కాక నా ముఖం చూసి, "కోపం సంచీలో పెట్టీ బాబూ. కస్టమ్స్‌వోడు సూస్తే ఇద్దర్నీ ఆపెస్తాడు," అన్నారు.

మేము చేరేసరికి కొట్టి నాలుగు గంటలైంది. ఆ వ్యాపారి జీపు పక్కన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. దుర్భిణి బిగించిన తుపాకీ ఒళ్లో ఉంది. "నాలుగు వందల మీటర్లు అంకల్! ఈ జొహోర్‌లో ఇంకెవడు కొడతాడు లా?" అన్నాడు, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో.

అంకుల్ దూరం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "దెబ్బ తగిలాక ఎగిరిందా, కాలు విదిల్చిందా, ఏం చేసింది?" అని అడిగారు.

"ఏమీ చేయలేదు. వీపు పైకి వంచి, నెమ్మదిగా నడుచుకుంటూ పోయింది."

అంకుల్ ముఖంలో ఏదో మారింది. తమ్ముడి కొడుకు తల దించుకున్నాడు.

దూరం నుంచి కొట్టిన దెబ్బతో ఒక ఇబ్బంది ఉంది. ఇక్కణ్నుంచి చూస్తే ఆ చెట్టు పక్కనే అనిపిస్తుంది. లోయ దిగి అవతలికి ఎక్కాక అలాంటి చెట్లు యాభై. అందుకని అంకుల్ ఆ వ్యాపారిని కొట్టిన చోటే నిలబెట్టి, ఇటూ అటూ చేత్తో సైగ చేయమన్నారు. అవతలి గట్టు మీద మేము ఆ సైగల ప్రకారం జరుగుతూ పోయాం. చివరికి ఒక చోట ఆయన ఒంగి, గడ్డిలోంచి పొట్టి వెంట్రుకలు కొన్ని తీశారు. పక్కనే ఆకు మీద నల్లటి బొట్టు ఉంది. అందులో పచ్చగా, నమిలిన గడ్డిలా ఏదో ఉంది. వాసన చూసి నాకూ చూపించారు. పేడ వాసన.

"కడుపు," అన్నారు. "గుండెకి తగిలితే ఈ పాటికి పోయుండేది. కడుపుకి తగిల్తే దగ్గర్లోనే పడుకుంటాది. మనం ఎల్లకపోతే లెగదు. పడుకున్న చోటే పోతాది. ఇంకో నాలుగు గంటలు కూకోవాల."

జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీశారు. ఒక కాగితం లాగి, బొట్టు పక్కన కొమ్మకి ముడేశారు. "ఇదిగో, చోప్ చేసినాను," అన్నారు. సింగపూర్ హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి పోతే, ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. దాన్నే చోప్ చేయడం అంటాం. ఆయన అడవిలో కూడా అదే పని చేసేవారు. చివరి బొట్టు ఎక్కడ కనిపించిందో అక్కడొక టిష్యూ. దారి తప్పితే మళ్లీ ఆ టిష్యూ దగ్గరికి వచ్చి మొదలుపెట్టాలి. దాని పక్క నుంచి నడవాలి, జాడ మీద అడుగు పెట్టకూడదు.

వెనక్కి వచ్చి కూర్చున్నాం. ఫ్లాస్కులోంచి టీ పోశారు. ఆ వ్యాపారి జీపులో నిద్రపోయాడు. ఒంటిగంటకు దక్షిణం వైపు మబ్బు లేచింది.

"వాన పడితె రక్తం కడుక్కపోతది అంకుల్."

"పోతాది."

"అయితే లెవ్వండ్రి మరి!"

"వాన వచ్చినా నష్టమే, తొందరపడి ఎల్లినా నష్టమే. ఎల్తే దానికి నష్టం. వాన వస్తే మనకి నష్టం, ఎక్కువ ఎతుక్కోవాల. అంతే. సాబార్ లా బాబూ."

సాబార్ అంటే ఓర్పు. నాకు ఆ మాట బాస్‌ల నోట, ఏజెంట్ల నోట వినీ వినీ అసహ్యం. నా కరపత్రాల్లో ఓర్చుకోమనేవాళ్లంతా శత్రువులే.

"అది గక్కడ పేగులు తెగి సస్తుంటే మీరిక్కడ కూసోని ఛాయ్ తాగుతున్రా? మీకూ వానికీ ఏం ఫరక్ ఉన్నది?" అని అరిచాను.

తమ్ముడి కొడుకు లేవబోయాడు. అంకుల్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. నావైపు చూసి, "కూకో," అని మాత్రం అన్నారు.

ఇక్కడ నేను చేసింది రాస్తున్నాను. ఒంటికి పోయి వస్తానని లేచాను. లోయ దిగి, అవతలి గట్టెక్కి, టిష్యూ దగ్గర్నుంచి బొట్లు చూసుకుంటూ పోయాను. అది దొరికితే ఏం చేస్తానో నాకే తెలియదు. చేతిలో కర్ర కూడా లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి, అంతే తెలుసు. రెండు వందల అడుగులు కూడా పోలేదు. నడుము ఎత్తు ఫెర్న్ పొదలు ఉన్నాయి. వాటిలో అది పడుకుని ఉంది. గడ్డం నేల మీద ఆనించి, కళ్లు సగం మూసుకుని, ఊపిరి తీస్తూ. నా కాలి కింద పుల్ల విరిగింది. అది కళ్లు తెరిచి నన్ను చూసింది. ముందు కాళ్ల మీద లేచింది. వెనక కాళ్లు లేవలేదు. తర్వాత అవీ లేచాయి. నేను "ఆగు, ఆగు" అని తెలుగులో అరిచాను. పొదలు విరుచుకుంటూ లోపలి అడవిలోకి పోయింది. పోతుంటే అది చేసిన చప్పుడు నేను రాయలేను.

తిరిగి వచ్చేసరికి ఆ వ్యాపారి లేచి కూర్చుని, "ఏంటా శబ్దం?" అని అడుగుతున్నాడు.

అంకుల్ నా ప్యాంటుకి మోకాళ్ల పైదాకా అంటుకున్న ఫెర్న్ పొడి చూశారు. నా ముఖం చూడలేదు.

"అడవి పంది," అన్నారు.

పావుగంటలో వాన కురిసింది, ఆకాశానికి చిల్లి పడ్డట్టు. ఆగాక ఆ వ్యాపారి గడియారం చూసుకుని, ఇంక అది దొరకదు, వదిలేయండి అన్నాడు. అంకుల్ ఆయనకి ఎదురు తిరగగా చూసింది నేను ఆ ఒక్కసారే. జీపు తలుపు పట్టుకుని, మలయ్‌లో నెమ్మదిగా ఏదో అన్నారు. కొట్టావు కాబట్టి ఉండు అన్నారని తర్వాత తెలిసింది. అతను నవ్వి తలుపు లాగేసుకుని వెళ్లిపోయాడు.

"కొట్టినోడు ఎల్లిపోనాడు," అన్నారు అంకుల్ ఆ టైర్ల గుర్తులు చూస్తూ. "ఇంక అది మన ఇద్దరిదీ."

మన ఇద్దరిదీ అన్నారు. నీది అనలేదు.

వెలుగున్నంతసేపూ వెతికాం. ఫెర్న్ పొద దగ్గర, అది పడుకున్న చోట ఆకులు గుండ్రంగా అణిగి ఉన్నాయి. వాటి కింద వాన తగలని నేల మీద నల్లటి మరక. అంకుల్ అక్కడ మోకాళ్ల మీద కూర్చుని చేత్తో నేల తడిమారు. "ఇంకో గంటో రెండు గంటలో," అన్నారు, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. ఆ పొదకి ఒక టిష్యూ కట్టారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనే లేపానని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు.

మర్నాడు తెల్లవారగానే మళ్లీ మొదలుపెట్టాం. ఆయన టీ తప్ప ఏమీ ముట్టలేదు. తమ్ముడి కొడుకు భార్య ఇడ్లీలు పెడితే నన్ను తినమన్నారు. నేనూ తినలేదు. రక్తం లేదు. ఉన్నవల్లా ఇవి: తిరగబడి తెల్లటి అడుగు కనిపిస్తున్న ఒక ఆకు, బురదలో ఒక వైపే లోతుగా దిగిన గిట్ట, రెండు చెట్ల మధ్య తెగిన సాలెగూడు. ఒక్కో గుర్తుకి ఒక్కో టిష్యూ. రెండు గంటలకి ముప్పై అడుగులు నడిచిన సమయాలున్నాయి. ఒక చోట ఏమీ దొరకలేదు. నేను ముందుకి పోబోతే మెడ పట్టుకుని వెనక్కి తిప్పారు.

"యెనక్కి సూడు. ఏటి కనబడతన్నాది?"

చెట్ల మధ్య మా టిష్యూలు తెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉన్నాయి. వరస నెమ్మదిగా ఎడమకి, కిందికి వంగుతోంది.

"దిగువకు పోతున్నది అంకుల్."

"నీళ్లకి. కడుపు మండతాది గదా, నీళ్లకే పోతాది." నా మెడ మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది. "ఇప్పుడు సూడ్డం వచ్చినాది నీకు."

మధ్యాహ్నం వాగులో దొరికింది. బతికే ఉంది. ఒళ్లంతా నీళ్లలో, తల గట్టు మీద. ఒక రోజంతా, ఇంకా పైన. ఈగలు ముసురుతున్నాయి. మమ్మల్ని చూసి లేవాలనుకుంది, చెవులు మాత్రం కదిలాయి. నేను ముఖం తిప్పుకున్నాను. "తిప్పకు బాబూ," అన్నారు అంకుల్. గొంతులో కోపం లేదు. "ఇంత దూరం వచ్చినాం కదా. సూడు."

వెంట వచ్చిన తమ్ముడి కొడుకు దాని దగ్గరికి పోయి, తన కావలి తుపాకీతో ఒక్కటే దెబ్బ కాల్చాడు. అంకుల్ చెప్పులు విప్పి వాగులోకి దిగారు. దోసిట్లో నీళ్లు తీసుకుని దాని మూతి కడిగారు. ఆకు కోసి కళ్లు కప్పారు. వాళ్ల నాన్న అలాగే చేసేవాడట. తర్వాత దాని చెవి దగ్గర వంగి, "ఆలీసం అయిపోనాది నాయినా. తప్పు మాది," అన్నారు.

ఆ మాట నేను అనాలి. ఆయన అన్నారు. నేను గట్టు మీద నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే కానీ ఆ మాటకి బదులు కాదు.

మాంసం పనికి రాలేదు. కొమ్మలు కొట్టి కప్పేశాం. తిరిగి వచ్చేటప్పుడు కట్టిన టిష్యూలన్నీ ఒక్కొక్కటే విప్పి సంచీలో వేసుకోవాలని ఆయన నియమం, అడవిలో చెత్త వదలకూడదు. నేను విప్పుతూ వచ్చాను. ఫెర్న్ పొద దగ్గరికి వచ్చి చెయ్యి చాపితే, "అదుండనీ," అన్నారు.

"ఎందుకు అంకుల్?"

"ఉండనీ బాబూ." అంతే. అడగలేదు నేను. ఆయనకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకి తెలుసు.

వారం తిరక్కుండా కరపత్రం రాశాను. మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ కలప వ్యాపారిని చీల్చి చెండాడాను. నాలుగు వందల మీటర్ల నుంచి కొట్టి నిద్రపోయిన మనిషి గురించి, ఒక రోజంతా కుళ్లిన ప్రాణి గురించి. ప్రతి అక్షరమూ నిజమే. అంకుల్ దగ్గరికి పోయి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు.

"బాగున్నాది. అయితే ఇందులో నువ్వు లేవు గదా బాబూ."

"నేనెందుకు అంకుల్? ఇది వాని గురించి."

"అయితే నన్నూ తీసీ."

ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చేశారు. నాకు మండింది. వాణ్ని వదిలేసి నన్నంటారా అని కారిడార్ దద్దరిల్లేలా అరిచాను. ఆంటీ గుమ్మంలోకి వచ్చి, "ఏటయ్యింది బాబూ?" అంటుంటే వినకుండా మా తలుపు వేసుకున్నాను. అప్పుడే కొత్త ఉద్యోగం వచ్చింది. ఆఫీసుకి దగ్గరని చెప్పి ఆంగ్ మో కియో మారిపోయాను. ఆంటీ రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి ఫోన్ ఆయన తీసుకుని, "ఎప్పుడొస్తావు?" అన్నారు. రిలీజ్ ఉంది, బిజీ అన్నాను. "సరే బాబూ, వీలు సూసుకునే రా," అన్నారు. ఏడాదిన్నర వీలు చూసుకోలేదు. మంగళవారం పరుగెత్తుకుంటూ వచ్చాను.

దహనం అయ్యాక బ్లాకు కింద ఆ తమ్ముడి కొడుకు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కాఫీ కప్పు నా చేతిలో పెట్టి అన్నాడు: "తంబీ, ఆ ఫెర్న్ పొద కాడికి నువ్వు మళ్లీ రాలేదు గదా?"

"లేదన్నా."

"పెదనాన్న వచ్చేటోరు. తోటకి ఎప్పుడొచ్చినా ముందు అక్కడికే. వానలకి ఆ టిష్యూ కరిగిపోద్ది గదా, కొత్తది కట్టేసి వచ్చేటోరు. పొద పెరిగి మూసుకుపోతే కత్తితో కొట్టీ మరీ కట్టేటోరు. ఎందుకు పెదనాన్నా అంటే, ఆ గుంటడు ఒక రోజు వస్తాడురా, జాగా తెలవకపోతే ఎలాగ అనీవోరు. పోయిన నెల్లో కూడా కట్టినారు."

నేను కాఫీ కప్పు కింద పెట్టి లేచాను.

పైన ఫ్లాటులోకి పోతే ఆంటీ ఆయన రోజూ వేసుకునే చొక్కా మడత పెడుతోంది. దాని జేబులో ఉన్న ప్యాకెట్ తీసి నాకిచ్చింది. అందులో రెండు టిష్యూలున్నాయి.

ఇది ఆంటీ ఇంట్లో, ఆ కారిడార్‌లో, ఆ ప్లాస్టిక్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని రాస్తున్నాను. అంకుల్, ఈసారి ఇందులో నేనున్నాను. పడుకున్న జింకను లేపింది నేను. అది ఒక రోజు ఎక్కువ బాధపడింది నా వల్ల. శనివారం పొద్దున ఆ ఫెర్న్ పొద దగ్గరికి బస్సెక్కుతాను. తమ్ముడి కొడుకు జీపు తెస్తానన్నాడు.

ఇప్పుడు క్రాంజీ వైపు ఆకాశం నల్లబడింది. మొదటి చినుకులు కారిడార్ గోడ మీద పడుతున్నాయి. జలసంధి అవతల జొహోర్ ఇక్కడికి ఎంతో దూరం కాదు, ఈ మబ్బే అక్కడా కురుస్తుంటుంది. పొదల మధ్య పోయిన నెల ఆయన వేళ్లు వేసిన ముడి ఉంది. తెల్ల కాగితం తడిసి, బరువెక్కి, ఆకుకి అతుక్కుని, ఇంకా తెగకుండా.